యంత్రం "లేదు" అంటే నమ్మాలా? అంగారకుడికి వెళ్లే పరికరాలకు ఎడారిలో, మంచులో పెట్టే పరీక్షలు



ఈ రోజు ఎపిసోడ్‌ని ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడదాం. వడ్ల బస్తాలు తూచే కాటా మీరు చూసే ఉంటారు కదా. దాని మీద ఒక ముక్కుపుడక పెట్టండి. ఏం చూపిస్తుంది? సున్నా. ముల్లు కదలదు. మరి అక్కడ బంగారం లేనట్టేనా? ఉంది, మన కళ్ల ముందే ఉంది. కాటాకి తెలియలేదు, అంతే.

ఇప్పుడు అదే కాటాని కోట్ల కిలోమీటర్ల దూరంలో, అంగారకుడి మీద పెట్టాం అనుకోండి. పక్కన చూడ్డానికి మనిషి లేడు. కాటా నుంచి "సున్నా" అని ఒక సందేశం వచ్చింది. అంటే అక్కడ నిజంగా ఏమీ లేదా, లేక ఉన్నదాన్ని కాటా పట్టుకోలేకపోయిందా? ఇక్కడ కూర్చుని ఎలా చెప్తాం?

చెప్పలేం. అందుకే ఆ కాటాని పంపించే ముందు, భూమ్మీదే ముక్కుపుడకలు ఎక్కడున్నాయో మనకి తెలిసిన చోటికి తీసుకెళ్లి పరీక్ష పెట్టాలి. అటకామా ఎడారి, అంటార్కిటికా, ఉత్తర ధ్రువం దగ్గరి దీవులు... శాస్త్రవేత్తలు రోవర్లు, డ్రిల్లులు మోసుకుని ఇలాంటి చోట్లకి ఎందుకు వెళ్తారో ఈ రోజు చూద్దాం. ఇదేదో ఫోటోల కోసం చేసే పని కాదండీ. ఈ పరీక్ష ముందే సరిగ్గా జరగకపోతే ఏమవుతుందో 1976లోనే తెలిసింది. అక్కడి నుంచే మొదలుపెడదాం.

వైకింగ్ ఇచ్చిన రెండు జవాబులు

1976 జూలై 20న వైకింగ్-1, సెప్టెంబర్ 3న వైకింగ్-2 అంగారకుడి మీద దిగాయి. రెండూ నాసా పంపినవే. అక్కడి మట్టిలో జీవం ఉందా లేదా అని నేరుగా పరీక్షించడానికి వెళ్లిన మొదటి యంత్రాలు ఇవి.

వాటిలో ఒక ప్రయోగం చాలా సింపుల్. కొంచెం మట్టి తీసుకుని, దాని మీద పోషకాలున్న ద్రవం ఒక చుక్క వేస్తారు. ఆ పోషకాల్లో రేడియోధార్మిక కార్బన్ ఉంటుంది. మట్టిలో సూక్ష్మజీవులుంటే వాటిని తిని గాలి వదుల్తాయి. ఆ గాలిలో రేడియోధార్మికత కనిపిస్తే, ఎవరో తిన్నారన్నమాట. ప్రయోగం చేశారు. గాలి వచ్చింది! మట్టిని ముందే బాగా వేడిచేసి మళ్లీ ప్రయత్నిస్తే రాలేదు. వేడికి సూక్ష్మజీవులు చనిపోతే ఎలా ఉంటుందో అచ్చం అలాగే ఉంది.

కానీ పక్కనే ఇంకో పరికరం ఉంది. అది మట్టిని 500 డిగ్రీల దాకా వేడిచేసి, వచ్చిన ఆవిర్లలో సేంద్రియ పదార్థాలున్నాయా అని చూస్తుంది. సేంద్రియ పదార్థాలు అంటే కార్బన్‌తో తయారైన అణువులు. జీవం ఉంటే అవి ఉండి తీరాలి. శవం కూడా సేంద్రియ పదార్థమే కదా. ఈ పరికరం ఏం చెప్పింది? లేవు అంది. క్లోరిన్ కలిసిన ఒకటి రెండు చిన్న అణువులు మాత్రం అతి తక్కువగా కనిపించాయి. అవి భూమ్మీద పరికరాన్ని శుభ్రం చేసినప్పుడు మిగిలిన రసాయనాల తాలూకు అవశేషాలు అనుకుని పక్కన పెట్టేశారు.

అంటే ఒక యంత్రం "తిన్నారు" అంటోంది, ఇంకోటి "తినేవాళ్లెవరూ లేరు" అంటోంది. చాలామంది శాస్త్రవేత్తలు రెండోదాన్నే నమ్మారు. అది మట్టిలోని ఏదో రసాయన చర్య అయ్యుంటుంది అన్నారు. మొదటి ప్రయోగాన్ని తయారుచేసిన గిల్బర్ట్ లెవిన్ మాత్రం ఒప్పుకోలేదు. 2021లో చనిపోయేదాకా, అది జీవమే అయ్యుండొచ్చని వాదిస్తూనే ఉన్నారు.

వైకింగ్ తర్వాత ఇరవై ఏళ్లపాటు అంగారకుడి మీద ఇంకే యంత్రమూ దిగలేదు. సందేహం అలాగే ఉండిపోయింది.

జవాబు చిలీలో దొరికింది

దక్షిణ అమెరికాలో, చిలీ దేశంలో అటకామా ఎడారి ఉంది. ఒక పక్క ఆండీస్ పర్వతాలు అడ్డం, ఇంకో పక్క పసిఫిక్ సముద్రంలో చల్లటి ప్రవాహం. రెండూ కలిసి మేఘాన్ని రానివ్వవు. మన వైపు అనంతపురాన్ని కరువు జిల్లా అంటాం. అక్కడ కూడా ఏడాదికి 500 మిల్లీమీటర్ల పైనే వర్షం పడుతుంది. అటకామా నడిబొడ్డున యుంగాయ్ అనే చోట ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లు కూడా పడదు. కొన్నేళ్లు అసలు చినుకే ఉండదు.

మెక్సికోకి చెందిన రఫాయెల్ నవారో గొంజాలెజ్, నాసా శాస్త్రవేత్త క్రిస్ మెకే, ఇంకొందరు కలిసి ఇక్కడి మట్టి మీద వైకింగ్ తరహా పరీక్షలు మళ్లీ చేశారు. 2003లో ఫలితాలు ప్రచురించారు.

ఏమైందంటే, యుంగాయ్ మట్టి దాదాపు అంగారకుడి మట్టిలాగే ప్రవర్తించింది! సేంద్రియ పదార్థాలు నామమాత్రం. పెంచుదామంటే సూక్ష్మజీవులు దాదాపు దొరకలేదు. అయినా పోషకాల ద్రవం వేస్తే అది విరిగిపోయి గాలి వచ్చింది.

మరి ఆ గాలి జీవం వల్లా, రసాయనం వల్లా? దీన్ని తేల్చడానికి వాళ్లు ఒక చక్కటి ఉపాయం వాడారు. కొన్ని అణువులు చెప్పుల జతలాంటివి. ఒకటి ఎడమ కాలిది, ఒకటి కుడి కాలిది. చూడ్డానికి ఒకేలా ఉంటాయి కానీ ఒకదాని చోట ఇంకోటి పట్టదు. జీవులకి ఈ పట్టింపు ఉంటుంది, ఒక రకాన్నే ఇష్టంగా తింటాయి. రసాయన చర్యకి ఆ పట్టింపు లేదు, రెండింటినీ ఒకేలా విరగ్గొడుతుంది. కాస్త వాన పడే చోటి మట్టిలో ఒక రకమే ఎక్కువ ఖర్చయింది. అక్కడ జీవం ఉంది. యుంగాయ్ మట్టిలో రెండు రకాలూ సమానంగా విరిగిపోయాయి. అంటే అక్కడ పనిచేసింది రసాయనం.

వైకింగ్ కూడా ఇలా రెండు రకాల్నీ విడివిడిగా పరీక్షించి ఉంటే? ఆ వాదన సగం అప్పుడే తేలిపోయేది. చూశారా, సరైన పరీక్షా స్థలం లేకుండా పరికరం తయారుచేస్తే ఏ ప్రశ్న అడగాలో కూడా మనకి తట్టదు.

వేడిచేస్తే సాక్ష్యమే కాలిపోయింది

కథ అక్కడితో ఆగలేదు. 2008లో ఫీనిక్స్ అనే ల్యాండర్ అంగారకుడి ఉత్తర ధ్రువ ప్రాంతంలో దిగింది. అక్కడి మట్టిని నీళ్లలో కలిపి చూస్తే పెర్‌క్లోరేట్ అనే లవణం కనిపించింది. ఇది భూమ్మీద రాకెట్ ఇంధనంలో, బాణసంచాలో వాడే పదార్థం. మామూలు చలిలో కదలకుండా కూర్చుంటుంది. వేడిచేస్తే మాత్రం ఆక్సిజన్ వదిలి, పక్కనున్న సేంద్రియ పదార్థాన్ని తగలబెట్టేస్తుంది.

ఇప్పుడు వైకింగ్ పరికరం ఏం చేసిందో గుర్తు చేసుకోండి. మట్టిని 500 డిగ్రీలకి వేడిచేసింది.

2010లో నవారో గొంజాలెజ్ బృందం అటకామా మట్టిని మళ్లీ తీసుకుంది. ఈసారి దానిలో పెర్‌క్లోరేట్ కలిపి వేడిచేశారు. మట్టిలో ఉన్న కాస్త సేంద్రియ పదార్థం దాదాపు అంతా కాలిపోయింది. చివరికి ఏం మిగిలాయంటే, క్లోరిన్ కలిసిన రెండు చిన్న అణువులు. వైకింగ్ చూసినవి, శుభ్రం చేసిన రసాయనాలు అని పక్కన పెట్టినవి, అవే!

అంటే దొంగని పట్టుకోవడానికి వెళ్లి, వేలిముద్రలున్న గ్లాసుని మనమే కడిగేసినట్టు. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. దీనివల్ల వైకింగ్ జీవాన్ని చూసింది అని రుజువు కాదు. సేంద్రియ పదార్థాలు ఉల్కల నుంచి కూడా వస్తాయి. దీనివల్ల తెలిసింది ఒకటే: "లేవు" అన్న ఆ జవాబుని అంత గట్టిగా నమ్మాల్సింది కాదు. తర్వాత క్యూరియాసిటీ రోవర్ అంగారకుడి పాత బురదరాళ్లలో సేంద్రియ పదార్థాల్ని నిజంగానే కనిపెట్టింది.

అంటార్కిటికాలో ఒక మనిషి

ఇప్పుడు మంచు వైపు వెళ్దాం. అంటార్కిటికాలో డ్రై వ్యాలీస్ అని కొన్ని లోయలున్నాయి. మంచు ఖండంలో ఉన్నా నేల మీద మంచు ఉండదు. కొండల మీంచి దిగే పొడి గాలులు పడ్డ కాస్త మంచునీ ఆవిరి చేసేస్తాయి. చలి, పొడి, రాళ్లు. భూమ్మీద అంగారకుడికి బాగా దగ్గరగా ఉండే చోటు ఇదే అంటారు.

వుల్ఫ్ విష్నియాక్ అని అమెరికాలో ఒక సూక్ష్మజీవ శాస్త్రవేత్త ఉండేవారు. అంగారకుడి మీద జీవాన్ని వెతకడానికి మొట్టమొదట పరికరాలు ఆలోచించిన వాళ్లలో ఆయన ఒకరు. ఆయన పరికరం పేరు వుల్ఫ్ ట్రాప్. తేటగా ఉన్న పోషక ద్రవంలో మట్టి వేస్తే, సూక్ష్మజీవులు పెరిగే కొద్దీ ద్రవం మసకబారుతుంది. మిగిలిపోయిన చారు రెండో రోజుకి ఎలా మడ్డిగా అవుతుందో అలాగన్నమాట. ఆ మసకని కొలవడమే దీని పని. వైకింగ్‌లో పంపడానికి ఎంపిక చేశారు. తర్వాత ఖర్చు తగ్గించాలని 1972లో తీసేశారు. ఎన్నో ఏళ్ల కష్టం అలా ఆగిపోయింది.

అదే సమయంలో వేరే శాస్త్రవేత్తలు డ్రై వ్యాలీస్ మట్టిలో కొన్ని చోట్ల జీవమే లేదు అని చెప్పారు. విష్నియాక్ నమ్మలేదు. మన పరీక్షలే దాన్ని పట్టుకోలేకపోతున్నాయేమో అనుకున్నారు. పరికరం పోయినా ప్రశ్నని వదల్లేదు. గాజు పలకలు మట్టిలో పెట్టి, కొన్నాళ్ల తర్వాత తీసి, వాటి మీద ఏమైనా పెరిగిందా అని చూసేవారు. 1973 డిసెంబర్ 10న, ముందు పెట్టిన నమూనాల్ని తీసుకురావడానికి ఒంటరిగా వెళ్లి, మంచు కొండ మీంచి జారిపడి చనిపోయారు. వయసు 51.

ఆయన వెళ్లే ముందు ఇమ్రే ఫ్రీడ్‌మన్ అనే ఇంకో శాస్త్రవేత్త, అక్కడి రాళ్లు కొన్ని తెచ్చిపెట్టమని అడిగారు. విష్నియాక్ సేకరించిన రాళ్లు ఆయన పోయాక ఫ్రీడ్‌మన్‌కి చేరాయి. వాటిని పగలగొట్టి చూస్తే, పైన ఏమీ లేదు. కానీ పై పొరకి కొన్ని మిల్లీమీటర్ల లోపల సన్నగా ఆకుపచ్చ గీత! ఇసుకరాయి రేణువుల మధ్య సూక్ష్మజీవులు బతుకుతున్నాయి. రాయి లోపలికి కాస్త వెలుతురు వస్తుంది, చలిగాలి తగలదు, కరిగిన మంచు తేమ నిలుస్తుంది. వాటికి అదే ఇల్లు.

ఈ విషయం 1976లో ప్రచురించారు. వైకింగ్ దిగిన సంవత్సరమే. అప్పటికే వైకింగ్ చెయ్యి మట్టిని తవ్వుతోంది. రాయి లోపల చూసే పరికరం దాని దగ్గర లేదు.

అంగారకుడి మీద ఒక బిలానికి ఇప్పుడు విష్నియాక్ పేరు ఉంది.

100 వాట్లతో బోరు

మన ఊళ్లలో బోరు వేయడం అందరూ చూసిందే. లారీ, కంప్రెసర్, ఊరంతా దుమ్ము, చప్పుడు. కంప్రెసర్ గాలితో లోపలి పిండిని పైకి తోస్తుంది.

అంగారకుడి మీద లారీ లేదు, నీళ్లు లేవు, గాలి పీడనం భూమ్మీద ఉన్నదాంట్లో ఒక శాతం కన్నా తక్కువ. గురుత్వం 38 శాతమే కాబట్టి ల్యాండర్ బరువు కూడా తక్కువే. గట్టిగా నొక్కితే రంధ్రం పడదు, ల్యాండరే పైకి లేస్తుంది. పైగా మంచు కలిసిన నేల కాంక్రీటులా ఉంటుంది. డ్రిల్లు వేడెక్కితే ఆ మంచు కాస్త కరుగుతుంది, ఆగగానే మళ్లీ గడ్డకడుతుంది. అంతే, డ్రిల్లు అక్కడే ఇరుక్కుపోతుంది. తీసేవాళ్లెవరు?

ఐస్‌బ్రేకర్ అనే డ్రిల్లుని దీనికోసమే తయారుచేశారు. అంటార్కిటికాలో యూనివర్సిటీ వ్యాలీ అనే లోయలో పరీక్షించారు. అక్కడ సగటు ఉష్ణోగ్రత మైనస్ 20 డిగ్రీల కన్నా తక్కువ. పైన పొడి మట్టి, దాని కింద గడ్డకట్టిన నేల, అచ్చం ఫీనిక్స్ దిగిన చోటులాగే. వాళ్లు చేరుకున్న లెక్క ఇది: ఒక గంటలో ఒక మీటరు లోతు, 100 వాట్ల కరెంటుతో, 100 న్యూటన్ల ఒత్తిడితో. 100 వాట్లంటే పాత రోజుల్లో హాల్లో వెలిగే బల్బు ఒకటి. 100 న్యూటన్లంటే పది కేజీల బియ్యం సంచి పైన పెట్టినంత బరువు. కిటుకు ఏంటంటే, ఒకేసారి తవ్వరు. కొంచెం తవ్వి, డ్రిల్లుని పైకి తీసి, పిండి దులిపి, చల్లారనిచ్చి, మళ్లీ దించుతారు.

తవ్వడంతో కూడా అయిపోదు. తవ్విన మట్టి పరికరంలో పడాలి. ఫీనిక్స్‌కి ఇక్కడే ఇబ్బంది వచ్చింది. మట్టిని కొలిమి మీద పోస్తే జల్లెడ మీదే ముద్దగా కూర్చుంది, లోపలికి పడలేదు. రోజుల తరబడి జల్లెడని కుదిపితే చివరికి దిగింది. తర్వాత మంచు కలిసిన మట్టి గరిటెకే అతుక్కుపోయింది. గోధుమ పిండి జల్లించే ఎవరికైనా తెలుసు, తడి తగిలిన పిండి ఎలా ఉంటుందో! ల్యాబ్‌లో పొడి ఇసుకతో చేసే పరీక్షలో ఇలాంటివి బయటపడవు.

కాళ్లకీ పరీక్ష, కంట్రోల్ రూమ్‌కీ పరీక్ష

క్యూరియాసిటీకి ఒక తోబుట్టువు ఉంది. పేరు స్కేర్‌క్రో, అంటే దిష్టిబొమ్మ. కంప్యూటర్, పరికరాలు ఏవీ లేని ఉత్త చక్రాల బండి. మెదడు లేదు కాబట్టి ఆ పేరు. దాని బరువుని, క్యూరియాసిటీ అంగారకుడి మీద ఎంత తూగుతుందో భూమ్మీద అంతే తూగేలా కుదించారు. 2012 మేలో, క్యూరియాసిటీ ఇంకా దారిలో ఉండగానే, కాలిఫోర్నియాలోని మోహావే ఎడారిలో ఇసుక తిన్నెల మీద దాన్ని నడిపించి, ఎంత వాలులో చక్రం జారుతుందో చూసుకున్నారు.

ఇంకో రకం పరీక్ష మనుషులకి. 2013 అక్టోబర్‌లో యూరోపియన్ స్పేస్ ఏజెన్సీ వాళ్లు ఒక రోవర్‌ని అటకామాలో పెట్టి, నడిపించే శాస్త్రవేత్తల్ని ఇంగ్లండ్‌లో కూర్చోబెట్టారు. రోవర్ పంపే ఫోటోలు, భూమి లోపలికి చూసే రాడార్ గీతలు, అంతవరకే వాళ్లకి కనబడతాయి. వాటినిబట్టే ఎక్కడ తవ్వాలో చెప్పాలి. ఎడారిలో ఉన్నవాళ్లు మాత్రం అక్కడి నేలని నేరుగా చూస్తుంటారు. తర్వాత రెండూ పోల్చుకోవచ్చు.

ఈ పరీక్షలన్నిట్లో అసలు విలువ ఇదే. ఇక్కడ జవాబు పత్రం మన చేతిలో ఉంటుంది. యంత్రం "లేదు" అంటే, అదే మట్టిని సంచిలో పెద్ద ల్యాబ్‌కి తీసుకెళ్లి "నిజంగా లేదా?" అని చూడొచ్చు. అంగారకుడి మీద ఆ అవకాశం లేదు.

2023లో వచ్చిన మార్కులు

మరి ఇప్పటి పరికరాలకి ఎన్ని మార్కులు వచ్చాయి? అటకామాలోనే రెడ్ స్టోన్ అనే చోట ఒక పాత నది డెల్టా ఉంది. కనీసం పది కోట్ల ఏళ్ల నాటిది, ఎర్రటి రాళ్లు. పర్సెవరెన్స్ రోవర్ దిగిన జెజెరోలో కూడా ఒకప్పటి డెల్టా ఉంది. రెడ్ స్టోన్ మట్టిని అత్యాధునిక ల్యాబ్ పరికరాలతో చూస్తే సూక్ష్మజీవుల జాడలు కనిపించాయి. వాటిలో కొన్ని ఏ జాతివో కూడా తేల్చలేకపోయారు. అదే మట్టిని, అంగారకుడి మీద ఉన్న, పంపబోతున్న పరికరాల నమూనాలతో చూస్తే? కొన్ని అసలు పట్టుకోలేదు, కొన్ని అతి కష్టం మీద పట్టుకున్నాయి. 2023లో వచ్చిన పరిశోధన ఇది.

అంటే 1976 నుంచి ఇప్పటికి కాటా చాలా మెరుగైంది. అయినా ముక్కుపుడక ఇంకా దాని అంచులోనే ఉంది. అందుకే ఆ పరిశోధకులు, అంగారకుడి రాళ్లని భూమికి తెచ్చి ఇక్కడి ల్యాబ్‌లలో చూడటం ముఖ్యం అన్నారు. పర్సెవరెన్స్ 2024లో మచ్చలున్న ఒక రాయి నుంచి తీసిన నమూనా, ఒకప్పటి జీవం గుర్తు కావొచ్చేమో అని ఆశపడుతున్న నమూనా, ఇంకా అక్కడే గొట్టంలో ఉంది.

మన దేశంలో

ఇవన్నీ పరదేశాల సంగతులే అనుకోకండి. చంద్రయాన్ ల్యాండర్, రోవర్ పరీక్షల కోసం చంద్రుడి మట్టిలాంటిది కావాల్సి వస్తే, ఇస్రో తమిళనాడులో నామక్కల్ దగ్గరి ఊళ్లలో దొరికే అనార్థసైట్ రాయిని పొడి చేయించింది. 2025లో లడఖ్‌లోని త్సో కర్ దగ్గర, సుమారు 4,500 మీటర్ల ఎత్తున, హోప్ అనే శిబిరం మొదలైంది. పల్చటి గాలి, విపరీతమైన చలి, ఉప్పు నేల. మనుషులు, పరికరాలు అక్కడ ఎలా తట్టుకుంటారో చూడ్డానికి పెట్టిందది.

కాబట్టి ఈసారి పేపర్లో "అంగారకుడి మీద ఫలానాది దొరకలేదు" అని వార్త చదివితే ఒక్క క్షణం ఆగండి. రెండు ప్రశ్నలు వేసుకోండి. ఆ పరికరం ఎంత చిన్నదాన్ని పట్టుకోగలదు? ఉన్నట్టు మనకి ముందే తెలిసిన చోట దాన్ని పరీక్షించారా? "దొరికింది" అన్న వార్తకీ ఇవే ప్రశ్నలు. అక్కడ ఇంకోటి కూడా అడగాలి: జీవం లేకుండా రసాయనం ఒక్కటే ఇదే పని చేయగలదా?

విష్నియాక్ మంచులోకి ఒంటరిగా వెళ్లింది ఈ ప్రశ్న కోసమే. యాభై ఏళ్లు దాటాయి, ఇంకా అదే అడుగుతున్నాం. కాకపోతే ఇప్పుడు కాస్త బాగా అడగడం నేర్చుకున్నాం.

ఈ రోజుకి ఇంతే. మళ్లీ కలుద్దాం. నమస్కారం.